భాషయో, కాదో — తీర్పరు లెవరు?

కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయు భాషలలో నిజమైనవి కొన్నియే యనియు, తక్కినవి ఆ పేరునకు తగవనియు వాదించువారు మన చదువుకొన్న యువకులలోనే బయలుదేరినారు. బేసిక్ పిల్లల యాట యట, కోబాల్ గుమాస్తాల చిట్టా యట, హెచ్.టి.ఎం.ఎల్. అసలు భాషయే కాదట! ఈ తీర్పులు మాకు క్రొత్తవి కావు. హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను తరతరములుగా మన మాడుకొను తెలుగును "అది భాష కాదు, యాస" యని త్రోసివేసినవారి ధోరణియు నిదియే. కావున మేము ఊరకుండజాలము.

ప్రమాణ మొకటి లేకపోలేదు. 1936లో అలన్ ట్యూరింగు ఒక ఊహాయంత్రమును వర్ణించెను. క్రమపద్ధతిని చేయ వీలగు ఏ లెక్కనైనను అది చేయగలదు. ఆ యంత్రము చేయు పనుల నన్నిటిని చెప్పగల భాష సంపూర్ణమైనదని శాస్త్రజ్ఞుల మతము. ఈ పరీక్షలో బేసిక్కును నెగ్గును, కోబాలును నెగ్గును. 1964లో డార్ట్‌మత్ కళాశాల ఆచార్యులు కెమెనీ, కర్ట్జ్‌లు బేసిక్‌ను విజ్ఞానశాస్త్రములు చదువని విద్యార్థులకును అందవలెనని కూర్చిరి. సులభ మగుటయే దాని నేరమైనది. డైక్‌స్ట్రా యను మహాపండితుడు కోబాలును బోధించుటయే నేరముగా నెంచవలెనని 1975లో వ్రాసెను. ఆయన పాండిత్యమును మేము శంకింపము. కాని యెన్నో బ్యాంకుల లెక్కలు నేటికిని ఆ కోబాలులోనే నడచుచున్నవి.

హెచ్.టి.ఎం.ఎల్. ఈ పరీక్షలో నెగ్గదు, ఒప్పుకొందుము. ఇది శీర్షిక, ఇది పేరా యని తెలుపుటయే దాని పని. లెక్కలు చేయు భాష కాదనుడు, సరే; భాషయే కాదనకుడు. దానికిని వ్యాకరణము కలదు. మన సంఘము ప్రభుత్వమునకు పంపు అర్జీలలో కవిత్వము లేదు. అవి తెలుగు కాకపోయినవా?

ఇంతకంటె విడ్డూరమైనది గ్రేస్ హాపరు ఉదంతము. 1950లలో ఆమె కంప్యూటరునకు ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞ లిచ్చు పద్ధతిని తన సంస్థాధికారులకు చూపెను. పిదప అదే ప్రోగ్రామును ఫ్రెంచి మాటలతోను, జర్మను మాటలతోను నడిపించెను. అధికారులు ఉలికిపడిరి. ఫిలడెల్ఫియాలో తయారైన మర్యాదగల అమెరికా యంత్రమునకు ఫ్రెంచియు జర్మనును ఎట్లు తెలియునని వారి యాక్షేపణ! ఇంగ్లీషు తప్ప మరొకటి వాడబోమని వారిని సమాధానపరచుటకు నెలలు పట్టినదని హాపరే తరువాత చెప్పినది. యంత్రమునకు ఏ దేశపు మాటయైనను గుర్తుల వరుసయే. ఆ సంగతి తెలియనిది యంత్రమునకు గాదు, అధికారులకు.

అట్టి అధికారులు నేడును గలరు. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలను "ముందు ఇంగ్లీషు నేర్చుకొని రండు" అని కంప్యూటరు గది గుమ్మముననే నిలుపువారు వారే. 1991లోనే యూనికోడ్ మన లిపికి స్థాన మిచ్చినది. 2008లో వెలువడిన పైథాన్ మూడవ రూపమున ఒక రాశికి "మొత్తము" అని తెలుగు లిపిలో పేరు పెట్టినచో యంత్రము కిమ్మనదు. ఆ భాష తనకై ప్రత్యేకించుకొన్న ఇంగ్లీషు పదములు 35 మాత్రమే. "ప్రింట్" వంటివి మరికొన్ని. పదేండ్ల బిడ్డ వానిని వారము దినములలో నేర్చును. తక్కిన పేర్లన్నియు తెలుగున నుంచి, వచ్చు వేసవి తరగతులలో మొదటి పాఠము నట్లే చెప్పింపవలెనని కార్యవర్గమును కోరుచున్నాము.