రంగం మారే హక్కు ఎవరిది?

2024 భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని జాన్ హాప్‌ఫీల్డ్, జెఫ్రీ హింటన్‌లకు ఇచ్చారు. యంత్రాలకు నేర్పే విద్యకు, అంటే మెషిన్ లెర్నింగ్‌కు, పునాదులు వేసినందుకు ఆ గౌరవం. భౌతికశాస్త్రవేత్త హాప్‌ఫీల్డ్ 1982లో అయస్కాంతాల సిద్ధాంతాన్ని జ్ఞాపకశక్తి సమస్యకు అన్వయించాడు. ఆ దారిన సిద్ధాంత భౌతికశాస్త్రం వదిలి ఎందరో ఈ రంగంలోకి వచ్చారు. దీన్ని మేధస్సు సాధించిన విజయంగా చెప్పుకుంటారు. ఆ దారి ఎవరికి తెరిచి ఉందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

ఎలిజబెత్ గార్డ్‌నర్ పేరు మనలో ఎందరికి తెలుసు? ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి, ఫ్రాన్స్‌లోని సాక్లేలోనూ, తర్వాత ఎడిన్‌బరోలోనూ పరిశోధన చేసిన భౌతికశాస్త్రవేత్త ఆమె. ఒక నియమం ఇచ్చి అది ఎన్ని జ్ఞాపకాలు దాచగలదని అందరూ లెక్కలు వేస్తుంటే, ఆమె ప్రశ్ననే తిరగేసింది. సాధ్యమయ్యే అమరికలన్నిటిలో ఎన్ని ఆ పని చేయగలవని అడిగింది. ఆ పద్ధతి నేటికీ ఆమె పేరుతోనే నడుస్తోంది. 1988లో, 30 ఏళ్ళకే ఆమె చనిపోయింది. మరణించినవారికి నోబెల్ ఇవ్వరు, నిజమే. కానీ ఈ చరిత్ర చెప్పేటప్పుడు ఆమె పేరు చెప్పడానికి ఏ నిబంధనా అడ్డు రాదు కదా!

రంగం మారాలంటే రెండు మూడేళ్ళు కొత్తగా చదువుకోవాలి. ఆ కాలంలో ప్రచురణలు తగ్గుతాయి. జీతానికి భరోసా, ఊరు మారే స్వేచ్ఛ, ఇల్లు చూసుకునే మరొక మనిషి కావాలి. ఆ వయసులోనే స్త్రీలకు పిల్లల పెంపకం, భర్త బదిలీలు ఎదురవుతాయి. ఎంపిక కమిటీల్లో నేను పదేపదే విన్న మాట ఒకటుంది: మగవాడు రంగం మారితే సాహసం, ఆడది మారితే నిలకడలేమి.

ఇది శాస్త్రజ్ఞురాళ్ళ సొంత గొడవ అని మనం ఊరుకోకూడదు. ఎక్కువగా మగవాళ్ళ దరఖాస్తులే చూసి నేర్చుకున్న అమెజాన్ నియామక ప్రోగ్రాం ఆడవాళ్ళ దరఖాస్తులకు తక్కువ విలువ కట్టిందని 2018లో బయటపడింది. మన ఉద్యోగాలను తేల్చే యంత్రాలను ఎవరు తయారుచేస్తున్నారన్నది మన ప్రశ్న కూడా.

ఫెలోషిప్పులకు వయోపరిమితి తొలగించాలి. కొత్త రంగం నేర్చుకున్న కాలాన్ని సర్వీసుగా లెక్కించాలి. పరిశోధనా సంస్థల్లో పిల్లల సంరక్షణ కేంద్రాలుండాలి. ఇవి దయతో ఇచ్చే రాయితీలు కావు. మగవాళ్ళకు ఇంట్లో ఉచితంగా అందుతున్న సదుపాయాన్ని మనం సంస్థల నుంచి హక్కుగా అడుగుతున్నాం.