ఎర్ర స్టిక్కరు అంటించి, భయపడకు అంటాం

మా పల్నాట, నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా, ఒకసారి కడుపు పోయిన ఆడపిల్ల మళ్ళీ నీళ్ళోసుకుంటే ఇంటిల్లిపాదీ చెప్పే మాట ఒక్కటే: "అదంతా తలుచుకోకమ్మా, భయపడకు." ఈ మాట మీద నాకున్న కోపాన్ని చాలాకాలం దాచుకున్నాను. ఇక దాచదలచుకోలేదు.

ముందుగా ఆమె చేతిలోని కార్డు చూడండి. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ప్రమాదం పొంచి ఉన్న గర్భమైతే కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. మునుపు బిడ్డ కడుపులోనే చనిపోయి ఉండడం అందుకు ఒక కారణం. అంటే, ఈమె విషయంలో జాగ్రత్త అని ప్రభుత్వమే రాసిచ్చింది. ఆ కార్డును సంచిలో పెట్టుకొని ఇల్లు చేరిన మనిషితో నీ భయం ఉత్తదే అనడానికి మనమెవరం?

"నువ్వు దిగులుపడితే బిడ్డకు తగులుతుంది" అనడం ఇంకా దారుణం. తొలి మూడు నెలల్లో పోయే గర్భాలలో సుమారు సగం క్రోమోజోముల లోపం వల్ల పోతాయి. తల్లి ఏడ్చినందుకు కాదు. పోయిన బిడ్డ నింద ఎలాగూ ఆమెదే అన్నాం. రాబోయే బిడ్డకు కూడా ఇప్పటినుంచే సిద్ధం చేస్తున్నామన్నమాట! నిద్ర, తిండి మానేంత ఆందోళన ఉంటే వైద్యం కావలసిందే, కాదనను. 2022లో వచ్చిన టెలీమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. కాని ముందు ఇంట్లో నోరు విప్పనివ్వాలి కదా.

పన్నెండవ శతాబ్దంలో పోరాడి మరణించిన వీరులను కారంపూడిలో ఏటా కార్తీకమాసంలో ఐదు రోజులపాటు తలుచుకునే నేల మాది. నిరుడు పోయిన బిడ్డను మాత్రం తల్లి తలుచుకోరాదు, అపశకునం!

ఆఖరి నెలల్లో బిడ్డ కదలిక తగ్గినట్టనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. నాకు బాగా తెలిసిన ఒకామె, ఎనిమిదో నెలలో, ఒక రాత్రంతా పొట్ట మీద చెయ్యి వేసుకొని మంచం మీద కూర్చుంది. పక్కగదిలో అత్తగారు, గుమ్మంలో ఆటో. ఎవరినీ లేపలేదు. "మళ్ళీ మొదలుపెట్టావా" అంటారని. కోడి కూసే వేళకు బిడ్డ కదిలింది. ఆపై నెల 9న కార్డు చూసిన నర్సమ్మతో కూడా ఆ రాత్రి సంగతి చెప్పలేదట.