అర్ధరాత్రి పిక్క పట్టేస్తోందా?

రోజంతా పొయ్యి దగ్గర నిలబడి, ఎప్పటికో మంచమెక్కుతారు. కన్ను మూతపడిందో లేదో, పిక్క రాయిలా బిగుసుకుపోయి ప్రాణం లాగేస్తుంది. షుగరున్నవారిలో ఈ బాధ ఎక్కువ. "వయసొచ్చింది, నరాల బలహీనత" అని సరిపెట్టుకోకండి.

ఎందుకొస్తుంది?

షుగరు అదుపు తప్పితే మూత్రం ఎక్కువగా పోయి, ఒంట్లో నీరు, లవణాలు తగ్గుతాయి. ఏళ్ల తరబడి అలాగే ఉంటే కాళ్ల నరాలు దెబ్బతింటాయి, రక్తప్రసారం మందగిస్తుంది. నీరు లాగే బి.పి. బిళ్లల వల్లా రావచ్చు. మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడేవారిలో బి12 విటమిన్ తగ్గి నరాలు నీరసించవచ్చు. రాత్రిపూట షుగరు పడిపోయినా పిక్కలు పట్టవచ్చు. చెమటలు, వణుకు కూడా ఉంటే వెంటనే పరీక్ష చేసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోండి.

పట్టేసినప్పుడు...

మోకాలు చాపి, కాలివేళ్లను మీవైపు లాగి అర నిమిషం ఉంచండి. పిక్కను మెల్లగా నిమరండి. వేడి కాపడం మాత్రం వద్దు. స్పర్శ తగ్గిన కాలికి వేడి తెలీదు, బొబ్బలెక్కి పుండు పడుతుంది. రోజూ పడుకోబోయే ముందు గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకానించి ముందుకు వంగండి. పిక్క సాగుతుంది. రెండో కాలికీ అలాగే చేయండి.

మన ప్రాంతం వారికి ఓ హెచ్చరిక

పిక్కలు పడుతున్నాయంటే "కొబ్బరిబొండాం తాగు, అరటిపండు తిను" అంటారు ఇరుగుపొరుగు. కవిటి, సోంపేట, మందస, పలాస వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు తెలుసు. షుగరూ కిడ్నీలను తినేసేదే. కిడ్నీ చెడినవారిలో ఆ బొండాం, ఆ పండులోని పొటాషియం రక్తంలో పేరుకుపోయి గుండెకే ముప్పు తెస్తుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలూ అంతే చేటు. అందుకే ముందు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, మూడు నెలల షుగరు, బి12 పరీక్షలు చేయించుకోండి. కిడ్నీ జబ్బు కోసం పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

ఒక కాలే వాచి ఎర్రబడినా, నడిస్తే నొప్పొచ్చి ఆగితే తగ్గుతున్నా, పాదానికి పుండు పడినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఇంటిల్లిపాదికీ వేళకు మందులందించేది మీరే. ఈ వారం ఒక్క పూట మీ కాళ్ల కోసం కేటాయించుకోండమ్మా!