నిత్య ఫొటోగ్రఫీకి ఎఫ్/1.8 చాలు

కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. జూమ్‌తో కొంతకాలం ఫొటోలు తీసి రెండో లెన్స్ కొనదలచినవారికి తరచుగా అందే సలహా 50 మి.మీ. ఎఫ్/1.4 కొనమని, స్తోమత ఉంటే ఎఫ్/1.2కే వెళ్లమని. ఈ సలహా కొనేవారి కెమెరాను గాని, వారు తీసే ఫొటోలను గాని లెక్కలోకి తీసుకోదు.

నాభ్యంతరం, అంటే దృశ్యంలో ఎంత భాగం ఫ్రేములో ఇమడాలో నిర్ణయించే కొలత, మారకుండా స్థిరంగా ఉండే లెన్స్‌ను ప్రైమ్ అంటారు. సెన్సర్ కర్ణం పొడవుకు దగ్గరగా నాభ్యంతరం ఉన్న ప్రైమ్‌ను స్టాండర్డ్ లెన్స్‌గా పరిగణిస్తారు. 36×24 మి.మీ. కొలతలు గల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కర్ణం సుమారు 43 మి.మీ. అయినా, 1925లో మార్కెట్లోకి వచ్చిన తొలి లైకా కెమెరా నుంచి 50 మి.మీ. ఆనవాయితీగా స్థిరపడింది; ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెసాన్ తన వీధి చిత్రాల్లో అత్యధికం ఈ నాభ్యంతరంతోనే తీశాడు. అయితే ఔత్సాహికుల చేతుల్లో విరివిగా కనిపించే ఏపీఎస్-సీ కెమెరాల సెన్సర్ అంతకంటే చిన్నది కనుక, వాటిపై 50 మి.మీ. లెన్స్ 75 నుంచి 80 మి.మీ. లెన్స్ చూపినంత ఇరుకైన దృశ్యాన్నే చూపుతుంది. పోర్ట్రెయిట్లకు అది బాగానే ఉన్నా, చిన్న గదిలో భోజనానికి కూర్చున్న నలుగురిని ఫ్రేములోకి తేవాలంటే గోడ అడ్డం వస్తుంది. అందుచేత ఆ కెమెరాలకు నిజమైన స్టాండర్డ్ లెన్స్ 35 మి.మీ. లేదా అంతకంటే కొంచెం తక్కువది.

వెలుతురు ప్రవేశించే రంధ్రాన్ని అపర్చర్ అంటారు. నాభ్యంతరాన్ని ఆ రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ సంఖ్య కనుక, సంఖ్య తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. 55 మి.మీ. వద్ద ఎఫ్/5.6కు మించి తెరుచుకోని, కెమెరాతో వచ్చే కిట్ జూమ్‌తో పోలిస్తే ఎఫ్/1.8 లెన్స్ తొమ్మిది రెట్లకు పైగా వెలుతురునిస్తుంది. ట్యూబ్‌లైటు కింద సెకనులో పదో వంతు తెరిచి ఉంచవలసిన షట్టర్‌ను దాదాపు వందో వంతుకు కుదించవచ్చు. చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఉన్నా, కదిలే పిల్లవాడి ముఖం చెదరకుండా ఆపగలిగేది ఈ షట్టర్ వేగమే. ఇలా అపర్చర్ పెద్దగా తెరుచుకునే ఫాస్ట్ లెన్స్ అసలు ప్రయోజనం ఇదే.

ఎఫ్/1.8 నుంచి ఎఫ్/1.4కు వెళితే దక్కే వెలుతురు ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ, ఎఫ్/1.2తో రెండుంపావు రెట్లు మాత్రమే. అందుకు ప్రతిగా బరువు ఎంత పెరుగుతుందో చూడాలంటే, క్యానన్ ఆర్‌ఎఫ్ శ్రేణిలోని 50 మి.మీ. ఎఫ్/1.8 సుమారు 160 గ్రాములుంటే ఎఫ్/1.2 సుమారు 950 గ్రాములుంటుంది. ధర కూడా అనేక రెట్లు పెరుగుతుంది. పైగా అపర్చర్ విస్తరించేకొద్దీ ఫోకస్‌లో స్పష్టంగా నిలిచే లోతు తగ్గిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్‌పై 50 మి.మీ. లెన్స్‌తో ఒకటిన్నర మీటర్ల దూరంలోని మనిషిని తీసినప్పుడు ఎఫ్/1.8 వద్ద దాదాపు 10 సెంటీమీటర్లున్న ఆ లోతు ఎఫ్/1.2 వద్ద ఆరు సెంటీమీటర్లకు పడిపోతుంది గనుక, ముందూ వెనుకగా కూర్చున్న ఇద్దరిలో ఒకరు మసకబారక తప్పదు. అలాంటప్పుడు అపర్చర్‌ను ఎఫ్/2.8కో ఎఫ్/4కో తగ్గించక తప్పదు. అంటే అధికంగా డబ్బు చెల్లించి కొన్న వెలుతురు వాడుకలోకే రాదు.

రాత్రి ముహూర్తాల పెళ్లిళ్లు తీస్తూ దానిపైనే జీవించేవారికి, నేపథ్యం పూర్తిగా కరిగిపోవడమే తమ శైలిగా ఎంచుకున్నవారికి ఎఫ్/1.2 సమంజసమే. మిగతావారు ముందు తమ కెమెరా సెన్సర్ ఏదో తెలుసుకుని, జూమ్ రింగును కొన్నాళ్లు 35 దగ్గర, మరికొన్నాళ్లు 50 దగ్గర కదపకుండా ఉంచి, తమ ఇంటికీ వీధికీ ఏది సరిపోతుందో చూసుకుని, ఆ నాభ్యంతరంలో ఎఫ్/1.8 కొనడం మేలు. రోజూ సంచిలో ఉండే లెన్స్ తేలికగా ఉండాలి. బరువుకు జడిసి ఇంట్లో వదిలి వెళ్లే లెన్స్ ఎంత ఖరీదైనదైనా ఒక్క ఫొటో కూడా తీయలేదు.