బుకింగ్ సొమ్ము కట్టాక జవాబు చెప్పేదెవరు?

కొత్త కారు బుక్ చేసినప్పుడు షోరూంలో సంతకం పెట్టించుకునే ఆర్డర్ ఫారాన్ని తీరిగ్గా చదివే ఓపిక ఎవరికీ ఉండదు. చదివితే మాత్రం ఆ తర్వాత పడబోయే అవస్థంతా అందులోనే కనిపిస్తుంది. మోడల్, వేరియంట్, రంగు, కట్టిన అడ్వాన్సు, పాన్, ఆధార్ నంబర్లు అన్నీ పూర్తిగా నింపి ఉంటాయి. డెలివరీ తేదీ ఉండాల్సిన చోట ‘సుమారుగా’ అనో, ‘లభ్యతను బట్టి’ అనో రాస్తారు, లేదా ఖాళీగా వదిలేస్తారు. వెనకవైపు చిన్న అక్షరాల్లో షరతులుంటాయి: డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది, ఆలస్యానికి డీలరు బాధ్యత ఉండదు, రద్దు చేసుకుంటే అడ్వాన్సులో కొంత కోత పడుతుంది. చాలా ఫారాల వరస ఇదే. కొనేవాళ్లు ఏం చేయాలో అంతా రాతలో ఉంటుంది. అమ్మేవాళ్లు ఏం చేస్తారో సేల్స్ ఎగ్జిక్యూటివ్ నోటిమాటలో ఉంటుంది. ఆ ఎగ్జిక్యూటివ్ ఇంకో షోరూంకు మారిపోతే ఆ మాట కూడా అతనితోనే పోతుంది. కారు ఆలస్యమైనందుకు జనం కోప్పడుతున్నారని పరిశ్రమ అనుకుంటోంది. ఆలస్యాన్ని జనం భరిస్తారు. డబ్బు తీసుకున్నాక ఫోనెత్తే మనిషి లేకపోవడం, అడిగిన ప్రతిసారీ కొత్త కారణం వినాల్సి రావడం భరించలేనివి. దీనికి షోరూం సిబ్బంది మర్యాదను తప్పుపట్టి ఊరుకుంటే లాభం లేదు. బుకింగ్ ఒప్పందంలో కారు తయారుచేసే కంపెనీ ఎక్కడా కనిపించకపోవడమే అసలు లోపం.

మన దేశంలో వాహనం కోసం ఎదురుచూడటం కొత్త కాదు. స్కూటరుకు డిపాజిట్ కట్టి ఏళ్ల తరబడి వేచి ఉన్న తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. 1983లో మారుతి బుకింగ్‌లు తెరిచినప్పుడు పది వేల రూపాయలు కట్టి లక్షమందికి పైగా వరుసలో నిలబడ్డారు. అది లైసెన్సుల కాలం, వస్తువే లేని కాలం. ఇప్పటి కొరత వేరు. 2021లో సెమీకండక్టర్ చిప్‌లు దొరక్క ప్రపంచమంతటా కార్ల ఉత్పత్తి దెబ్బతింది. సరిగ్గా అప్పుడే ఎస్‌యూవీల మీద మోజు పెరిగింది. ఆ ఏడాది అక్టోబరు 7న మహీంద్రా ఎక్స్‌యూవీ 700కు 57 నిమిషాల్లో 25 వేల బుకింగ్‌లు వచ్చాయి. 2022 జులై 30న స్కార్పియో-ఎన్‌కు అరగంటలోపే లక్ష దాటాయి. ఈ లెక్కలు చెప్పింది కంపెనీయే. అంటే ఏ ఊళ్లో, ఏ నిమిషంలో, ఎవరు, ఏ వేరియంట్ బుక్ చేశారో కంపెనీ కంప్యూటర్‌లో ఉంది. అలాంటప్పుడు గుంటూరులో బుక్ చేసిన మనిషికి తన ముందు ఎంతమంది ఉన్నారో చెప్పడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. కొన్ని వందల రూపాయల రైలు టికెట్‌కు వెయిటింగ్ లిస్టు నంబరు ఇస్తున్నాం, అది రోజురోజుకూ ఎంత తగ్గిందో ఇంట్లో కూర్చునే చూసుకుంటున్నాం. పదిహేను లక్షల కారుకు ఆపాటి సమాచారం అందడం లేదంటే, ఇవ్వకూడదనుకున్నందువల్లే.

ఎందుకు ఇవ్వకూడదనుకుంటారో అర్థం కావాలంటే షోరూం లోపలి లెక్క తెలియాలి. కారు అమ్మకం మీద డీలరుకు మిగిలే మార్జిన్ తక్కువ. అసలు రాబడి బీమా, యాక్సెసరీలు, లోను, ఎక్స్‌టెండెడ్ వారంటీ, పాత కారు ఎక్స్ఛేంజ్‌ల మీద వస్తుంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాల్సి రావడంతో ప్రీమియం కూడా పెద్ద మొత్తమే అవుతోంది. వరుస బయటికి కనిపించనంత కాలం దాన్ని జరపడం డీలరు చేతిలో పని. బీమా బయట చేయించుకుంటానన్న వారికి ‘అలాట్‌మెంట్ ఇంకా రాలేదు సార్’ అన్న జవాబు వస్తుంది. అరవై వేల యాక్సెసరీల ప్యాకేజీకి ఒప్పుకున్నవారికి అదే రంగు, అదే వేరియంట్ వారంలో దొరుకుతుంది. బీమా ఎక్కడ తీసుకోవాలన్నది కొనేవారి ఇష్టమని, డీలర్లు బలవంతం చేయరాదని 2017లోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాలు ఇచ్చింది. నేరుగా బలవంతం చేస్తే అవి పనికొస్తాయి. కారు రాలేదని చెప్పి చేసే బలవంతాన్ని రుజువు చేయడం ఎలా? వరుస సంఖ్య, అది కదిలిన తేదీలు కాగితం మీద ఉంటేనే రుజువు దొరుకుతుంది. అందుకే ఆ కాగితం పుట్టదు. సేల్స్ కుర్రాళ్ల సంగతీ చూడాలి. వాళ్ల ఇన్సెంటివ్ నెలవారీ టార్గెట్ మీద ఆధారపడుతుంది. ఈ నెల బిల్లింగ్ అయ్యే కస్టమర్ వెంట పరుగెత్తడం, ఆరు నెలల తర్వాత కారు వచ్చే కస్టమర్ మెసేజ్‌కు జవాబివ్వకపోవడం వాళ్ల జీతం నేర్పిన పద్ధతి. వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు పడి జవాబు రాని ప్రతి మెసేజ్ వెనక ఈ లెక్క ఉంది.

ఈ మౌనానికి కొనేవాళ్లు చెల్లించే ధర చిన్నది కాదు. బ్యాంకు లోను మంజూరు పత్రానికి గడువుంటుంది. అది దాటితే మళ్లీ దరఖాస్తు, మారిన వడ్డీ. కారు వచ్చేస్తోందని నమ్మించి లోను విడుదల చేయిస్తే, బండి యార్డుకు చేరకముందే ఈఎంఐ మొదలవుతుంది. పాత కారుకు బుకింగ్ రోజున కట్టిన విలువ డెలివరీ నాటికి ఉండదు. ధర పెరిగితే ఎక్స్ షోరూం తేడాతోపాటు, దాని మీద శాతంగా కట్టే లైఫ్ ట్యాక్సూ పెరుగుతుంది. తేదీ విషయం మన దగ్గర ఇంకా సున్నితం. ఆషాఢంలోనో, శూన్యమాసంలోనో బండి ఇంటికి తెచ్చుకోని కుటుంబాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లెక్కలేనన్ని. దసరాకు వస్తుందన్న మాట మీద ఊరి నుంచి పెద్దవాళ్లను పిలిపించుకుంటారు. విదేశాల్లో ఉన్న పిల్లలు తల్లిదండ్రులకు కారు కొనిపెట్టాలని సెలవు పెట్టుకుని వస్తారు. ముందురోజు సాయంత్రం ‘పీడీఐ (డెలివరీకి ముందు చేసే తనిఖీ)లో చిన్న సమస్య వచ్చింది, వచ్చే వారం చూద్దాం’ అంటే, ఆ ముహూర్తాన్నీ ఆ సెలవునూ ఏ డిస్కౌంటూ తిరిగి తేలేదు.

డీలర్ల వైపు నుంచి వచ్చే జవాబులో నిజముంది, దాన్ని కొట్టిపారేయలేం. ఏ వారం ఎన్ని కార్లు, ఏ రంగులో పంపుతారో కంపెనీ తమకే చెప్పదంటారు. గిరాకీ ఉన్న వేరియంట్ కావాలంటే కదలని వేరియంట్లనూ మోయాలి. ఆ స్టాకుకు డీలరే బ్యాంకు వడ్డీ కడతాడు. షోరూంలో అడుగుపెట్టగానే ‘ఆ రంగుకు ఆరు నెలలు, ఇది రెడీగా ఉంది, తీసుకెళ్లండి’ అని ఎందుకు ఒత్తిడి చేస్తారో దీంతో తెలుస్తుంది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తానని ప్రకటించినప్పుడు, షోరూంలకు కోట్లు పెట్టిన డీలర్ల గతి ఏమైందో కూడా చూశాం. డీలరు బలహీనుడే. అయితే ఆ బలహీనత తెలిసి కూడా కొనేవారిని డీలరుకు అప్పగించి తప్పుకుంటున్న కంపెనీని ఏమనాలి?

ఇక్కడ కంపెనీలు చెప్పేది ఒకటే: డీలరు మా ఉద్యోగి కాదు, మా దగ్గర కార్లు కొని తన లెక్కలో అమ్ముకునే స్వతంత్ర వ్యాపారి. చట్టం దృష్టిలో ఈ మాట చెల్లుతోంది. గోవాలో ఒక కొనుగోలుదారు 2011లో కొత్త కారుకు డబ్బు కడితే డీలరు 2009లో తయారైన బండి అంటగట్టాడు. జాతీయ వినియోగదారుల కమిషన్ కంపెనీని కూడా బాధ్యురాలిని చేసింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కంపెనీకీ డీలరుకూ మధ్య ఉన్నది ఇద్దరు స్వతంత్ర వ్యాపారుల సంబంధం (ప్రిన్సిపల్ టు ప్రిన్సిపల్) కాబట్టి, డీలరు చేసింది కంపెనీకి తెలుసని రుజువైతే తప్ప కంపెనీ బాధ్యత లేదన్నది తీర్పు సారాంశం. ఉన్న ఒప్పందం ప్రకారం ఆ తీర్పు సబబే కావచ్చు. కానీ డీలర్ల మీద తమకు అదుపు లేదనే మాట వాస్తవంలో నిలవదు. అదే ఏడాది ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ మారుతి సుజుకీకి 200 కోట్ల జరిమానా వేసింది. డీలర్లు చెప్పినదానికన్నా ఎక్కువ డిస్కౌంటు ఇవ్వకుండా కంపెనీ కట్టడి చేసిందని, కస్టమర్ల వేషంలో మనుషులను షోరూంలకు పంపి నిఘా పెట్టిందని, దొరికిన డీలర్లకు, సిబ్బందికి కూడా జరిమానాలు వేయించిందని కమిషన్ తేల్చింది. కంపెనీ దాని మీద అప్పీలుకు వెళ్లింది; అప్పీలు ఎలా తేలినా, డీలరు ఇచ్చే డిస్కౌంటును ఢిల్లీ నుంచి కనిపెట్టే యంత్రాంగం కట్టుకోవడం సాధ్యమేనని ఆ ఆదేశంలోని వివరాలు చెబుతున్నాయి. అదే శ్రద్ధ కస్టమర్ ఫోనుకు జవాబు వచ్చిందో లేదో చూడటానికి పెట్టొచ్చు. ఇంకో దారి కూడా మన దేశంలోనే ఉంది. 2021 అక్టోబరు నుంచి మెర్సిడెస్ బెంజ్ ఇక్కడ కార్లను నేరుగా తానే అమ్ముతోంది. స్టాకు కంపెనీది, బిల్లు కంపెనీది, ధర దేశమంతా ఒకటే. షోరూం వాళ్లు అమ్మకంలో సాయపడి రుసుము తీసుకుంటారు. కోటి రూపాయల కారు కొనేవారికి దక్కిన ఈ ఏర్పాటు ఎనిమిది లక్షల కారు కొనేవారికి ఇంకా ఎక్కువ అవసరం.

ధర విషయంలో ఒక అభ్యంతరం వినిపిస్తుంది, సరైనదే. డెలివరీ నాటి ధర అనే షరతు ప్రతిసారీ కొనేవారికి నష్టం కాదు. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గి, సెస్సు పోయినప్పుడు, అప్పటికే బుక్ చేసి ఎదురుచూస్తున్నవారికి ఆ షరతు వల్లే లాభం కలిగింది. పన్ను ప్రభుత్వం చేతిలోది. పెరిగినా తగ్గినా కొనేవారికే చెందడం న్యాయం. కంపెనీ తనంతట తాను పెంచిన ధర వేరు. చెప్పిన గడువులో కారు ఇచ్చి ఉంటే పాత ధరకే వచ్చేది. గడువు దాటించింది కంపెనీ, దాటినందుకు అదనంగా కట్టేది కొనుగోలుదారు. పన్ను మార్పునూ కంపెనీ పెంపునూ ఒకే షరతులో కలిపేయడం ఒప్పుకోదగ్గది కాదు.

కొనేవాళ్లూ తక్కువ తినలేదని డీలర్లు అంటారు: ఒకే మనిషి రెండు మూడు షోరూంలలో బుక్ చేస్తాడు, ముందొచ్చింది తీసుకుని మిగతావి రద్దు చేస్తాడు, దాంతో వరుస ఉత్తుత్తినే పొడవవుతుంది. జరుగుతున్న మాట నిజమే. ఏ షోరూం మాటా నమ్మకం కలిగించనప్పుడు మనుషులు చేసే పని అది. పాన్ నంబరుతో ముడిపడిన ఒకే జాతీయ వరుస పెడితే ఆ రోజే ఆగిపోతుంది. కారు ఉన్నవాళ్ల బాధ కదా అని పెదవి విరిచేవారూ ఉన్నారు. ట్యాక్సీ నడుపుకోవడానికి అప్పు చేసి పసుపు ప్లేటు బండి బుక్ చేసిన యువకుడికి ప్రతి నెల ఆలస్యమూ పోయిన సంపాదనే. మధ్యతరగతి కుటుంబానికి ఇంటి తర్వాత అతి పెద్ద ఖర్చు కారే.

వినియోగదారుల చట్టం ఉంది కదా అంటే, ఉంది. 2019 చట్టం అన్యాయమైన ఒప్పందాన్ని నిర్వచించింది. అసమంజసమైన షరతులు పెట్టి వినియోగదారుణ్ణి నష్టపరిచేదంతా దాని కిందికి వస్తుంది. కానీ ఒప్పందమే అన్యాయమని ఫిర్యాదు చేయాలంటే జిల్లా కమిషన్‌కు వెళ్లే వీల్లేదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. కమిషన్ల మెట్లెక్కినవారికి ఆ గడువు విలువ తెలుసు. ఒక్కొక్కరూ విడివిడిగా పోరాడి గెలిచే విషయం కాదిది. 2016 నాటి రెరా చట్టం ఫ్లాటు కొనేవారి కోసం ఏం చేసిందో చూడండి: ఒప్పందం రిజిస్టర్ కాకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు, ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ ఇవ్వాలి. కార్లకు ఇంత పెద్ద చట్టం అక్కర్లేదు. హోటళ్ల సర్వీసు చార్జీ మీద 2022లో మార్గదర్శకాలు ఇచ్చిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, వాహనాల బుకింగ్ మీదా ఇవ్వొచ్చు. బుకింగ్ రసీదు కంపెనీ పేరు మీదే రావాలి, వరుస సంఖ్య ఆన్‌లైన్‌లో కనిపించాలి, చెప్పిన తేదీ దాటితే అడ్వాన్సుకు వడ్డీ రావాలి, ఆ దశలో రద్దు చేసుకుంటే ఒక్క రూపాయి కోయకూడదు. డీలరు పేరున కారు బిల్లయిన రోజే ఛాసిస్ నంబరు కొనుగోలుదారుకు మెసేజ్‌గా రావాలి. కంపెనీ దగ్గర ఇప్పటికే ఉన్న సమాచారానికి ఇది మించదు.

ఆ నిబంధన వచ్చేలోగా సుప్రీంకోర్టు తీర్పులోని ఒక మాటను కొనేవాళ్లు వాడుకోవచ్చు. డీలరు చేసింది కంపెనీకి తెలుసన్న రుజువు లేకపోవడం వల్లే కంపెనీ ఆ కేసులో బయటపడింది. కాబట్టి షోరూం చుట్టూ తిరగడంతో సరిపెట్టకుండా, బుక్ చేసిన మర్నాడే ఆర్డర్ నంబరు, చెప్పిన తేదీ, చెప్పిన ధర రాసి కంపెనీకీ డీలరుకూ కలిపి ఒకే ఈమెయిల్ పంపాలి. తేదీ జరిగిన ప్రతిసారీ, బీమా బయట చేయించుకుంటే కారు ఆలస్యమవుతుందన్న ప్రతిసారీ అదే మెయిల్ కింద ఆ రోజు మాట రాసి మళ్లీ పంపాలి. ఛాసిస్ నంబరు రాతపూర్వకంగా చేతికి రానిదే మిగతా సొమ్ము కట్టకూడదు, లోను విడుదల చేయించకూడదు. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరునూ అదే మెయిల్‌కు చేర్చాలి. రేపు కమిషన్ ముందు కంపెనీ వకీలు ఈ సంగతి మాకు తెలియదు అన్నప్పుడు, తేదీలతో సహా తెలియజేశామని చూపించడానికి ఆ మెయిల్ ఉంటుంది.