పులికి అప్పిచ్చిన కిరాణా కొట్టు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల అటవీ శాఖ మంత్రివర్యులకు,



నల్లమల అంచున కిరాణా కొట్టు నడుపుకునేవాణ్ణి. మా నాయన పెట్టిన కొట్టు. ఏ ఊరో, కృష్ణకు ఏ గట్టునో రాయడం లేదు. రాస్తే ఎవరో ఒక చిన్న ఉద్యోగికి మెమో వెళ్తుందని నా భయం. ఇది ఒకరి మీద చేసే ఫిర్యాదు కాదు. మీ ఇద్దరికీ కలిపి ఎందుకు రాస్తున్నానంటే, 2014లో రాష్ట్రాన్ని పంచుకున్నప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాన్నీ పంచుకున్నారు. దక్షిణాన పాత పేరు మిగిలింది, ఉత్తరాన అమ్రాబాద్ అయింది. అడవి లోపలి బేస్ క్యాంపులో కాపలా ఉంటూ గంజి కాచుకునే మనిషి మాత్రం రెండు వైపులా ఒక్కలాగే ఉన్నాడు.

నా కొట్టులో రెండు ఖాతా పుస్తకాలుంటాయి. ఒకటి ఊరివాళ్లది. రెండోది ఎర్ర అట్టది, అడవిలో కాపలా ఉండే వాచర్లది. వంతు ముగిసి ఇంటికొచ్చిన వాచర్ మళ్లీ అడవికి పోయేముందు నా దగ్గర మూట కట్టుకుంటాడు. బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, ఉప్పు, అగ్గిపెట్టెలు, టార్చి సెల్లులు. డబ్బు సంగతి అడిగితే ఒకటే మాట: "బిల్లు పడగానే ఇస్తా శెట్టిగారూ."

అటవీ శాఖ బీట్ ఆఫీసర్లూ నా దగ్గర అప్పు పెడతారు. వాళ్ల మాట వేరు: "ఒకటో తారీఖు జీతం రాగానే."

జీతం, బిల్లు. ఒకే శాఖ, ఒకే అడవి, ఒకే పులి. ఒకరికి జీతం, ఇంకొకరికి బిల్లు. నేను రాయదలచుకున్నదంతా ఈ రెండు మాటల మధ్య దూరం గురించే.

జీతం ఉన్నవాడు సుఖంగా ఉన్నాడని నా ఉద్దేశం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 నియామక ప్రకటన ప్రకారం బీట్ ఆఫీసర్ మూల వేతనం 25,220 రూపాయల దగ్గర, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్‌ది 23,120 దగ్గర మొదలవుతుంది. దాని మీద కరువు భత్యం, ఇంటద్దె ఉంటాయి. ఆ ఉద్యోగం రావాలంటే మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడిచి చూపించాలి. చేరాక పనివేళలంటూ ఉండవు. దొంగ కలప బండి రాత్రి రెండింటికి వస్తే వీళ్లూ రెండింటికే లేవాలి. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి పాత పింఛను కూడా లేదు. చేతిలో చాలాసార్లు కర్రే ఆయుధం. శేషాచలంలో 2013 డిసెంబరులో ఎర్రచందనం దొంగలు ఇద్దరు అటవీ సిబ్బందిని కొట్టి చంపారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో 2022 నవంబరు 22న రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు గారు పోడు భూముల గొడవలో హత్యకు గురయ్యారు. పోలీసుకు ఇచ్చే భత్యాలతో పోల్చి మాకూ ఇవ్వమని వీళ్లు అడిగితే అందులో దురాశ ఏమీ లేదు.

అయినా వీళ్లకొక ఆసరా ఉంది. వేతన సవరణ సంఘం వేసినప్పుడు వినతిపత్రం ఇచ్చుకోవచ్చు. పే స్లిప్పు చూపించి బ్యాంకులో లోను తెచ్చుకోవచ్చు. ఎర్ర పుస్తకంలోని మనిషి ఏ వేతన సంఘం లెక్కలోనూ లేడు.

ఆ మనిషి ఏం చేస్తాడో తెలుసుకోవాలంటే అడవికి పోనక్కర్లేదు, నా కొట్టు ముందు బల్ల మీద అరగంట కూర్చుంటే చాలు. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అగ్గితో పోరాటం. పచ్చి రెమ్మలు విరిచి మంటను బాదుతారు. ఆ ఎండల్లోనే జంతువుల కోసం కట్టిన సాసర్ తొట్లలో నీళ్లు నింపించాలి. వానాకాలం దారులు మూసుకుపోయి జీపులు ఆగిపోతాయి, కాలినడక గస్తీ మాత్రం ఆగకూడదు. బైకు క్లచ్ వైరుతో పెట్టే ఉచ్చులు ఆకుల కింద కనిపించవు, కాళ్లతో వెతకాలి. నాలుగేళ్లకోసారి పులుల లెక్క వస్తే కెమెరాలు మోసేదీ, చెట్లకు కట్టేదీ, పాదముద్రలు మొదట పసిగట్టేదీ వీళ్లే. 2006లో దేశంలో 1,411 పులులని లెక్క తేలింది. 2022 లెక్కలో సగటు అంచనా 3,682. ఈ సంఖ్యను ప్రకటించిన రోజు అందరం చప్పట్లు కొట్టాం. అందులో కొన్ని అడుగులు నా ఖాతాదారులవి.

వీళ్లలో చాలామంది చెంచులు. అడవి వాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పాఠం కాదు. ఎలుగుబంటి ఏ పొద్దున ఏ వాగు దాటుతుందో వాళ్ల తాతలకూ తెలుసు. కానీ అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ పరీక్షకు ఇంటర్మీడియట్ కావాలి. 25 కిలోమీటర్ల నడకను పరీక్షగా పెట్టిన ఉద్యోగానికి, రోజూ అంత దూరం నడిచేవాడు దరఖాస్తు కూడా పెట్టుకోలేడు.

ఇక బిల్లు ఎందుకు ఆలస్యమవుతుందో నాకు అర్థమైనంత చెప్తాను. వ్యాపారిని కాబట్టి డబ్బు ఏ దారిలో వస్తుందో కనుక్కోవడం నాకు అలవాటు. ప్రాజెక్ట్ టైగర్ 1973లో మొదలైంది. ఇప్పుడది కేంద్రం, రాష్ట్రం కలిసి మోసే పథకం. ఏటా చేసే ఖర్చులు చెరి సగం, ఒక్కసారి చేసే ఖర్చుల్లో కేంద్రం 60, రాష్ట్రం 40. ప్రతి సంవత్సరం అభయారణ్యం ఒక వార్షిక ప్రణాళిక రాసి పంపాలి. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ దాన్ని ఆమోదించాలి. కేంద్రం తన వాటా విడుదల చేయాలి. రాష్ట్ర ఆర్థిక శాఖ తన వాటా కలపాలి. అప్పుడు ట్రెజరీ, ఆ తర్వాత డివిజన్, ఆ తర్వాత రేంజి. బీట్ ఆఫీసర్ జీతం ఈ దారిలో రాదు, రాష్ట్ర బడ్జెట్ జీతాల పద్దులో నేరుగా వస్తుంది. ఈ పథకం డబ్బు మీద బతికే వాచర్ కూలీ మాత్రం తొట్ల మరమ్మతు, దారుల చదునుతో పాటు పనుల పద్దులో వస్తుంది. ఏ మెట్టు మీద కాగితం ఆగినా తొట్టి ఊరుకుంటుంది. మనిషికి ఆకలేస్తుంది.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. కాగితాలు కదిలేసరికి వానలొస్తాయి. అడవిలో అగ్గి, ఎండ, ఉచ్చులు అన్నీ ఎక్కువగా ఉండే నెలలూ, పద్దు ఖాళీగా ఉండే నెలలూ ఒకటే. ఆ నెలల్లో ఎర్ర పుస్తకం లావెక్కుతుంది. కేంద్రం వాటా, రాష్ట్రం వాటా అని లెక్క రాస్తారు గదా, మధ్యలో కిరాణా కొట్టు వాటా ఒకటుందని ఎవరూ రాయరు.

నేనేదో దానం చేస్తున్నానని అనుకోకండి. వడ్డీ వేయను గానీ, నగదుకిచ్చే ధర వేరు, అప్పుకిచ్చే ధర వేరు. అది దాచను. నేనూ టోకు వర్తకుడికి కట్టుకోవాలి. అంటే మీ కాగితం ఆలస్యానికి రుసుము కట్టేది వాచర్ పెళ్లాం, ప్రతి కిలో కందిపప్పు మీదా.

మా మేనల్లుడు వకీలు. వాణ్ణి అడిగితే రెండు వైపులా చెప్పాడు. దొడ్డిదారి నియామకాలను పర్మనెంట్ చేయడం కుదరదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆఫీసుల్లో ఎప్పుడూ వినిపించే తీర్పు అదే. తాత్కాలిక ఉద్యోగి అయినా పని ఒకటే అయితే ఆ స్కేలు కనీస వేతనం ఇవ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. ఏళ్ల తరబడి శాశ్వతమైన పని చేయించుకుంటూ ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకోకూడదని 2024 డిసెంబరులో జగ్గో కేసులో మందలించింది. వాచర్‌కు కేసు రాసే అధికారం లేదు కాబట్టి పని ఒకటే కాదని మీ అధికారులు అనవచ్చు. ఒప్పుకుంటాను. కానీ దశాబ్దాలుగా రోజూ జరుగుతున్న కాపలాను 'తాత్కాలిక పని' అని ఏ నోటితో అందాం?

అందరినీ రేపే పర్మనెంట్ చేయమని నేను అడగడం లేదు. ఖజానా సంగతి నాకూ తెలుసు. కొట్టువాడి బుర్రకు తోచినవి నాలుగు అడుగుతాను.

ఒకటి, తారీఖు. వాచర్ కూలీని పనుల పద్దు నుంచి తీసి విడిగా ఒక పద్దు పెట్టండి. ప్రతి నెలా ఐదో తేదీలోగా బ్యాంకులో పడాలి. కేంద్రం వాటా రాకపోతే ముందు రాష్ట్రం ఇచ్చి తర్వాత సర్దుకోవాలి. 2006 చట్ట సవరణతో ప్రతి పులుల అభయారణ్యానికీ ఒక ఫౌండేషన్ వచ్చింది. సఫారీకి వచ్చే పర్యాటకుల రుసుములు అందులో జమవుతాయి. ఆ సొమ్ములో మూడు నెలల కూలీకి సరిపడా కదలని నిధి ఉంచండి. అప్పివ్వాల్సింది ఆ నిధి, నా కొట్టు కాదు.

రెండు, ప్రాణం ధర. శ్రీనివాసరావు గారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 50 లక్షలు, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. న్యాయమే. రేపు పనుల పద్దులోని మనిషికి అదే జరిగితే ఏ జీవో కింద, ఎంత, ఎన్నాళ్లలో ఇస్తారో ఇవాళే రాసి పెట్టండి. గొడ్డలికి హోదా తెలియదు, కట్లపాముకూ తెలియదు.

మూడు, అడవి భత్యం. క్యాంపులో గడిపిన ప్రతి రాత్రికీ ఇంత అని, వాచర్‌కూ బీట్ ఆఫీసర్‌కూ ఒకటే రేటు. చీకటి ఇద్దరికీ ఒకటే గదా.

నాలుగు, దారి. పదేళ్లు క్యాంపులో పనిచేసిన చెంచు వాచర్‌కు చదువు అర్హతలో సడలింపో, అనుభవానికి మార్కులో ఇచ్చి, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ పోస్టుల్లో కొన్నిటికి నడిచే దారి చూపండి.

ఏటా సెప్టెంబరు 11న అటవీ అమరవీరుల దినం జరుపుతారు. రాజమండ్రి బిడ్డ, వీరప్పన్ చేతిలో 1991 నవంబరు 10న చనిపోయిన అటవీ అధికారి పి. శ్రీనివాస్ గారిని తలుచుకుంటారు. ఆయనకు కీర్తిచక్ర ఇచ్చారు. స్తూపం ముందు పూలు పెట్టడం మంచిదే. బతికున్నవాడికి మాత్రం ఐదో తారీఖు కావాలి.

మీరు ఆ తారీఖు ఖాయం చేస్తే నాకు నష్టమే, ఒక పుస్తకం మూసేయాలి. మూసేస్తాను. ఏదో ఒక నెల వాచర్ మా కొట్టు మెట్లెక్కి "జీతం పడింది శెట్టిగారూ" అంటే, ఆ పూట నుంచి కందిపప్పు వాడికీ నగదు ధరకే.

ఇట్లు,
నల్లమల అంచున ఒక కిరాణా వ్యాపారి