నెల తప్పకముందే వేసుకోవలసిన మాత్ర

హిందూపురంలోగాని, పెనుకొండలోగాని, ధర్మవరంలోగాని నాలుగో నెలనుంచి గర్భిణికి నర్సమ్మ ఇచ్చే ఎర్రమాత్ర మీకు తెలిసిందే. రక్తం పట్టే మాత్ర అంటే ఇనుమొక్కటే అనుకుంటాం. కాని అందులో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంది.

దాని కథ మన దేశంలోనే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశోధించింది. మార్మైట్ అనే చవక ఈస్టు సరుకు తినిపిస్తే వారు తేరుకున్నారు! 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్ద, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

అసలు సంగతి 1991లో తేలింది. బిడ్డ వెన్నునాళం సరిగా మూసుకోని కష్టం ఒకసారి పడిన తల్లులకు, మళ్ళీ గర్భం రాకముందునుంచే ఈ మందిస్తే, ఆ లోపం నూటికి డెబ్బైవంతులు తగ్గింది. ఆ నాళం మూసుకొనేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపునే. అప్పటికి కోడలుపిల్ల నెల తప్పిందో లేదో అని వేళ్ళు మడిచి లెక్క చూసుకుంటూ ఉంటుంది! సీమంతంనాడు మొదలుపెడితే రక్తానికి మేలే. వెన్నుకు మాత్రం ఆలస్యమే.

మన వేరుశనగలోనూ, ఆకుకూరల్లోనూ ఇది ఉంది. కూర ఉడికిన నీళ్ళు మాత్రం పారబోయకండి. అయినా తిండి ఒక్కటే చాలదంటారు వైద్యులు. బిడ్డను కోరుకునే నాటినుంచే ఒట్టి ఫోలిక్ మాత్ర రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. ధర్మవరం పట్టుచీరలు కొనే పెళ్ళిలో ఈ ఖర్చొక లెక్కా? ముందు కాన్పులో అటువంటి లోపం కనబడినవారికి మోతాదు ఎక్కువ. వారు డాక్టరమ్మనడిగే వాడాలి.